అద్దె బండియు ఎదుటివాని ప్రాణమును

(చదువవలసిన భాగములు: నిర్గమ. 22:14, 15, ద్వితీ. 22:8)

మన గ్రామ సంఘములలో అనేకులకు నేడు పైదేశములలో ఉద్యోగము చేయుచున్న బిడ్డలున్నారు. ఒకప్పుడు బొంబాయి, రంగూను అనినయెడల మనకు దూరదేశములే. ఇప్పుడు డల్లాసు, మెల్‌బోర్ను, లండను అను పేర్లు ఆరాధన ముగిసిన తరువాత గుడి అరుగుమీద సామాన్యముగా వినబడుచున్నవి. తల్లిదండ్రులు బిడ్డలను చూడబోవుదురు. బిడ్డలు పెద్ద కారొకటి అద్దెకు తీసికొని వారికి నయాగరా జలపాతమో గ్రాండ్ కాన్యన్ లోయయో చూపింతురు. అట్టి ప్రయాణమునకు సిద్ధపడుచున్న సంఘపు పెద్ద ఒకరు నన్ను ఇట్లడిగిరి: “అయ్యగారూ, అమెరికాలో కారు అద్దెకిచ్చుచోట ఇన్సూరెన్సుకని దినమునకు ముప్పై డాలర్లు అదనముగా అడుగుదురట. మన డబ్బులో రెండువేల అయిదువందలు దాటును. మనము ప్రార్థన చేసికొని బయలుదేరువారము గదా! అది కట్టుట అవిశ్వాసము కాదా?”

ఈ ప్రశ్నను చూచి నవ్వువారు నవ్వవచ్చును. రెండువేల అయిదువందల రూపాయలు మన పొలములలో కలుపుతీయు తల్లికి ఎన్నో దినముల కూలి. ఆ లెక్క మరువక అడిగిన ప్రశ్న గనుక ఇది మంచి ప్రశ్న. అయితే “అవిశ్వాసము” అను మాటకు ఉత్తరము చెప్పకముందు, ఆ ముప్పై డాలర్లకు కౌంటరువద్ద ఏమి అమ్ముచున్నారో తెలిసికొనవలెను. అది తెలియక విశ్వాసమని గాని అవిశ్వాసమని గాని చెప్పుట తొందరపాటు.

కౌంటరువద్దనున్న గుమాస్తా ఇన్సూరెన్సు అని ఒక్క మాట చెప్పును గాని, అతడు చూపు కాగితములు రెండు మూడు విధములుగా నుండును. మొదటిదానికి కొలిజన్ డ్యామేజ్ వైవర్ అని పేరు. అమెరికాలో ఇది సరిగా చెప్పవలెనంటే బీమాయే కాదు. కారు గుద్దుకొనినను, దొంగలెత్తుకొనిపోయినను, ఆ నష్టమును నీయొద్ద వసూలు చేయమని కారు సొంతదారులైన కంపెనీవారే వ్రాసియిచ్చు మాట. ఈ కాగితము లేనియెడల బాగుచేయించిన ఖర్చేగాక, కారు షెడ్డులోనున్న దినములకు తమకు రాకపోయిన అద్దెనుకూడ వారు అడుగవచ్చును. రెండవ కాగితము వేరు. నీవు నడుపుచుండగా ఎదుటివానికి గాయమైనను, ప్రాణహాని కలిగినను, వాని వాహనము చెడినను, వానికి చెల్లించుటకైనది. దీనిని లయబిలిటీ అందురు. మూడవది కారులోనున్నవారి గాయములకు, సామానునకు సంబంధించినది. ప్రయాణమునకు ముందే వైద్యఖర్చుల బీమా తీసికొనిన తల్లిదండ్రులకు దీనివలన కలుగు అదనపు ప్రయోజనము చాలసార్లు స్వల్పము గనుక దానినింతటితో విడిచెదను.

మొదటి రెండు కాగితములను ఒక్కటిగా కలిపి “తీసికొందుమా, మానుదుమా?” అని అడుగుటవలననే చిక్కు వచ్చుచున్నది. ఒకటి ఇనుమునుగూర్చినది, రెండవది మనిషినిగూర్చినది.

ఇనుమునుగూర్చి మోషే ధర్మశాస్త్రము ఏమనుచున్నదో చూడుడి. నిర్గమకాండము 22వ అధ్యాయములో అరువు తెచ్చిన పశువునుగూర్చిన విధి యున్నది. యజమానుడు దగ్గరలేనప్పుడు దానికి హాని కలిగినయెడల తెచ్చినవాడే నష్టము పూరించవలెను. యజమానుడు దానితోకూడ నున్నయెడల అక్కరలేదు. పిమ్మట అద్దెకు తెచ్చినదానినిగూర్చి ఒక చిన్నమాట: దానికి కలిగిన నష్టము ఆ అద్దెలోనే చేరినదని. ఎద్దును అద్దెకిచ్చువాడు అది కుంటిదగుటయు చచ్చుటయు సంభవమేయని యెరిగి, దానికి తగినంత అద్దె పుచ్చుకొనును. పుచ్చుకొనిన తరువాత మరల నష్టపరిహారమడుగుట న్యాయముకాదు. నేటి అద్దెకార్ల వ్యాపారము ఈ ఒక్క అద్దెను రెండు ముక్కలు చేసినది. బోర్డుమీద చూపు అద్దె చవకగా కనబడును. నష్టభారము అందులో చేరియుండదు. ఆ భారమును కంపెనీయే మోయవలెనన్నయెడల రెండవ ముక్కను కౌంటరువద్ద వేరుగా కొనవలెను. ఇంగ్లండులోను యూరోపు దేశములలోను ఈ రెండవ ముక్కలో కొంత ముందే అద్దెలో చేర్చి, మొదటి ఇంత మొత్తము మాత్రము నీవే భరించవలెనని నియమింతురు. దానికి ఎక్సెస్ అని పేరు. కౌంటరువద్ద వారు అమ్మజూపునది ఆ ఎక్సెస్‌ను తగ్గించు కాగితము. టైర్లు, అద్దములు, కారు అడుగుభాగము, పోయిన తాళపుచెవి, వీటిని విడిచిపెట్టిన ఒప్పందములు చాల కలవు.

కాబట్టి ఈ మొదటి కాగితము పాపమునుగాని భక్తినిగాని చూపునది కాదు. ఇది బేరము. ఏ బీమాలోనైనను కట్టినవారందరియొద్దనుండి వచ్చిన సొమ్ము, తిరిగి చెల్లించు సొమ్ముకంటె ఎక్కువైతేనే వ్యాపారము నిలుచును. అందువలన తాను నష్టపోయినను తట్టుకొనగల చిన్నవాటికి బీమా కొనకుండుట తెలివిగల గృహనిర్వాహకత్వమే. కారు పూర్తిగా చెడిపోయినయెడల దాని వెలయెంత? ఇరవై, ముప్పైవేల డాలర్లుండవచ్చును. అంతసొమ్ము ఇచ్చుకొనగలవాడు, ఇచ్చుటకు నిజముగా సిద్ధపడినవాడు, ఈ కాగితమును నిర్భయముగా తిరస్కరింపవచ్చును. ఇచ్చుకొనలేనివాడు? ఎలీషా దినములలో ప్రవక్తల శిష్యుడొకడు చెట్టు నరుకుచుండగా గొడ్డలి నీళ్లలో పడెను (2 రాజులు 6). అతని కేకలో తన పని ఆగిపోయెనన్న మాట లేదు. అది అరువు తెచ్చినదే అన్న దుఃఖమే యున్నది. పరుల వస్తువును పోగొట్టి తిరిగి ఇచ్చుకొనలేని బీదవాని దుఃఖమది. ఉద్యోగములో క్రొత్తగా చేరి, ఇంటికి డబ్బు పంపుచు, చేతిలో నిలువలేని మన బిడ్డలకు ఈ మొదటి కాగితము కొనుటలో సిగ్గుపడవలసినది లేదు.

కొందరికి అదియు అక్కరలేదు. ఆ దేశములో కాపురముండి సొంత కారునకు బీమా కలిగినవారికి, ఆ బీమాయే అద్దెకారునకు వర్తించుట తరచు కద్దు. కొన్ని క్రెడిట్ కార్డులు, అద్దె మొత్తమును ఆ కార్డుతోనే చెల్లించి కంపెనీవారి కాగితమును నిరాకరించినవారికి, కారు నష్టమును తామే చెల్లింతుమని నియమము వ్రాసికొనియున్నవి. అయితే ఇచ్చట ఆగి చూడుడి: ఆ కార్డు ఇచ్చు రక్షణ సాధారణముగా అద్దెకారునకు కలిగిన నష్టమునకే. ఎదుట నడచుచున్నవాని కాలు విరిగినయెడల ఆ కార్డు మాటలాడదు. “నా కార్డులో ఇన్సూరెన్సు ఉన్నది, ఏమియు వద్దు” అని ధైర్యముగా చెప్పి బయలుదేరువారిలో ఎందరికి ఈ సంగతి తెలియునో!

మనము ఎక్కువ ఆలోచింపవలసినది ఇప్పుడు వచ్చినది. కారునకు గీటుపడునేమోయని కౌంటరువద్ద అరగంట తర్జనభర్జన చేయుదుము. కారు నలుప్రక్కల ఫోటోలు తీసికొందుము. అది మంచిదే. ఎదుటివాని ప్రాణమునుగూర్చిన కాగితముమీద మాత్రము రెండు నిమిషములు నిలువము.

అమెరికాలో ఒక్కొక్క రాష్ట్రము వాహనము నడుపువానికి కనీసమింత లయబిలిటీ ఉండవలెనని నిర్ణయించినది. టెక్సాసులో గాయపడిన ఒక మనిషికి 30,000 డాలర్లు, ఒక ప్రమాదములో ఎందరు గాయపడినను మొత్తము 60,000, ఆస్తినష్టమునకు 25,000. కాలిఫోర్నియాలో అర్ధశతాబ్దముకంటె ఎక్కువకాలము ఈ మొత్తములు 15,000, 30,000, 5,000 గానే నిలిచియుండి, 2025 జనవరి 1నుండి మాత్రమే 30,000, 60,000, 15,000 ఆయెను. అద్దెకారుతో లయబిలిటీ వచ్చినప్పుడు అది సాధారణముగా ఈ కనీసపు మొత్తమే. అదియైన ఉన్నదో లేదో అడిగి తెలిసికొనవలెను. ఆ దేశపు ఆసుపత్రుల ఖర్చులు మనము వినియున్నాము. తల పగిలి, తుంటి విరిగి, శస్త్రచికిత్స జరిగి, నెలలకొలది పనికిపోలేని కూలివానికి ముప్పైవేలు ఏమూలకు? మిగిలినది నడిపినవాడు ఇచ్చుకొనవలెను. లేదా గాయపడినవాడే మోసికొనవలెను.

పూర్వము కొన్ని రాష్ట్రములలో వాహనపు సొంతదారుడైనందుననే అద్దె కంపెనీకూడ ఆ బాధ్యతలో చిక్కుకొనెడిది. 2005లో అమెరికా కాంగ్రెసు చేసిన చట్టము దానిని తీసివేసెను. కంపెనీవారి స్వంత నిర్లక్ష్యము లేనప్పుడు, కేవలము సొంతదారులైనంతమాత్రమున వారిని బాధ్యులను చేయరాదు. గనుక నేడు గాయపడినవాడు చూడవలసినది నడిపినవాని ముఖమే.

ఆ నడిపినవాడు మనవంటి అతిథియైనయెడల? పది దినములలో విమానమెక్కి శంషాబాదులో దిగిపోవును. అక్కడి న్యాయస్థానము ఇచ్చిన తీర్పు పల్నాటి పల్లెకో పాలమూరు పల్లెకో వచ్చి సొమ్ము వసూలు చేయుట ఎంత కష్టమో చెప్పనక్కరలేదు. “మనలను ఎవరు పట్టుకొందురు?” అను తలంపు ఇక్కడ పుట్టును. పైకి ఎవరును అనరు గాని, “మనకు ఆ దేశములో ఆస్తియేమియు లేదు గదా, ఆ రెండవ కాగితమెందుకు?” అని లెక్కవేయు తెలివైన సలహాదారులను నేను ఎరుగుదును. ఆ లెక్క జేబు వరకు సరిగానే యున్నది. పోగొట్టుకొనుటకు ఏమియు లేనివానికి లయబిలిటీ దండుగే. అయితే ఆ లెక్కలో ఒక మనిషి కనబడుట లేదు. అతడు తాను నడువవలసిన ప్రక్కనే నడుచుచున్నవాడు. మన ప్రయాణమునుగూర్చి అతని నెవరును అడుగలేదు. మన ముప్పై డాలర్ల పొదుపులో అతనికి పాలు లేదు. పొదుపు మనది, అపాయము అతనిది. ఇట్టి పొదుపునకు లేఖనములలో ఆధారము వెదకితిని, దొరకలేదు.

దొరకినది మరియొకటి. ద్వితీయోపదేశకాండము 22:8లో క్రొత్త ఇల్లు కట్టువాడు మిద్దెచుట్టు పిట్టగోడ పెట్టవలెనని ఆజ్ఞ యున్నది. ఎవడైన పడినయెడల రక్తాపరాధము ఇంటిమీదికి రాకుండ. ఆ గోడ ఇంటివానికంటె ఎక్కువగా అతిథికొరకు, ఇరుగు పొరుగు పిల్లలకొరకు. “నేను ప్రార్థనచేసి మిద్దె కట్టితిని, ఎవరును పడరు” అని చెప్పి ఇటుకల ఖర్చు తప్పించుకొనుటకు ఇశ్రాయేలీయునికి అధికారము లేదు. అదే గ్రంథములో 19వ అధ్యాయమున, చెట్టు నరుకువాని గొడ్డలి పిడినుండి ఊడి ప్రక్కవానికి తగిలి చంపిన సంగతి యున్నది. వానికి పగలేదు, తలంపులేదు. ధర్మశాస్త్రము వానిని హంతకుడని పిలువక ఆశ్రయపురమునకు పోనిచ్చుచున్నది. అయినను సంఖ్యాకాండము 35 చదివినయెడల, ప్రధానయాజకుడు చనిపోవువరకు వాడు ఆ పురము విడిచి స్వగ్రామమునకు పోరాదు. తప్పులేకపోయినను వెలయున్నది. చచ్చినవాని కుటుంబము ఎదుట “నేను కావలెనని చేయలేదు” అనుమాట నిజమే. చాలినమాట మాత్రము కాదు. కారు నడుపువాడెవడును కావలెనని గుద్దడు. మంచు కురిసిన రోడ్డు, అలవాటులేని కుడిప్రక్క ప్రయాణము, విమానమందు నిద్రలేని కన్నులు, ఇవి చాలును.

ఇక విశ్వాసపు ప్రశ్న. దేవాలయ శిఖరముమీద సాతాను ప్రభువునకు చూపినది కీర్తనలలోని వాగ్దానమే. ప్రభువు ఆ వాగ్దానమును కాదనలేదు. దానిని పట్టుకొని దూకుటను కాదనెను. అక్కడ దూకినయెడల ప్రభువొక్కడే పడును. మన ప్రశ్నలో మరియొక సంగతి చేరియున్నది: మన విశ్వాసమునకు హామీగా మరియొకని దేహమును పెట్టుచున్నాము. నా ఆకలిని నేను విశ్వాసముతో ఓర్చుకొనవచ్చును. ఎదుటివాని విరిగిన కాలును నా విశ్వాసపు లెక్కలో వేయుటకు నాకు హక్కెక్కడిది?

బీమాయే భక్తిహీనుల పని యనుకొనువారు స్కాట్లండు సంఘచరిత్ర చూడవలెను. రాబర్ట్ వాలెస్, అలెగ్జాండర్ వెబ్‌స్టర్ అను ఇద్దరు సువార్త సేవకులు, చనిపోయిన పాదుర్ల భార్యలు బిడ్డలు దిక్కులేక పోవుట చూచి, ఏటేట ఎందరు పాదుర్లు చనిపోవుదురు, ఎందరు విధవరాండ్రు మిగులుదురు అని లెక్కగట్టి, 1744లో ఒక నిధిని స్థాపించిరి. గణితశాస్త్రజ్ఞుడు కోలిన్ మెక్‌లారిన్ వారి లెక్కలను సరిచూచెను. లెక్కలమీద సరిగా నిలబెట్టిన బీమా నిధులలో మొదటివాటిలో అదొకటి. ప్రార్థించు చేతులే ఆ లెక్కలు వ్రాసినవి.

దీనికి ఎదురుగా అమెరికాలోని ఆమిష్ విశ్వాసులున్నారు. వారిలో పూర్వాచారపరులు సాధారణముగా వ్యాపారపు బీమా తీసికొనరు. వారి మనస్సాక్షిని గౌరవించి 1965లో అక్కడి ప్రభుత్వము సోషల్ సెక్యూరిటీ పన్నునుండి, స్వంత పని చేసికొనువారిని మినహాయించినది. వారిని చూపి “చూడుడి, నిజమైన విశ్వాసులు బీమా కట్టరు” అని మనవారు అనగా విన్నాను. సగము మాత్రమే చెప్పుచున్నారు. ఆమిష్‌వాని కొట్టము కాలినయెడల సంఘమంతయు వచ్చి కట్టును. ఆసుపత్రి ఖర్చు వచ్చినయెడల సంఘమంతయు పంచుకొనును. వారు కాగితమును వద్దనిరి గాని భారమును వద్దనలేదు. మన సంఘము, డల్లాసులో మనవాడు గుద్దిన మనిషికి లక్ష డాలర్లు చందా వేసికొని పంపుటకు సిద్ధముగా నున్నయెడల, అతనిని కాగితము లేకుండ పంపవచ్చును. సంఘకోశాధికారి ఏమనునో అడిగి చూడుడి.

గలతీ పత్రిక 6వ అధ్యాయములో ఒకరి భారములనొకరు భరించుమనియు, మూడు వచనముల తరువాత ఎవని బరువు వాడే మోయవలెననియు పౌలు వ్రాయుట కొందరికి చిక్కుగా తోచును. గ్రీకులో అవి రెండు వేరు మాటలు. మొదటిది బారోస్, మనిషిని క్రుంగదీయు భారము. రెండవది ఫోర్టియోన్, ప్రతివాడును తన వీపున వేసికొని నడువగల మూట. గీటుపడిన తలుపు, సొట్టపడిన బంపరు ఫోర్టియోన్. దానిని నీవే మోయగలవు, మోయుదునని నిశ్చయించుకొనవచ్చును. జీవితాంతము మంచమెక్కినవాని చికిత్స బారోస్. దానిని ఒక్కడు మోయలేడు గనుకనే లక్షలమంది తలకొంచెము వేసికొని మోయుటకు ఏర్పాటు కలిగినది.

అన్ని దేశములలోను ఈ ప్రశ్న ఇంత కఠినముగా లేదు. ఇంగ్లండులో చట్టప్రకారము ఎదుటివాని గాయమునకు, మరణమునకు బీమా పరిమితి లేకుండ ఉండవలెను. అద్దెకారుతోనే అది వచ్చును. అక్కడ కౌంటరువద్ద మిగిలినది ఇనుము ప్రశ్నయే. న్యూజీలాండులో 1974 ఏప్రిల్ 1నుండి, తప్పెవరిదైనను, గాయపడినవాడు పరదేశి అతిథియైనను, చికిత్సాదుల భారమును దేశపు ప్రమాదనిధి వహించుచున్నది. అయితే ఎదుటివాని వాహనమునకు నష్టము చేసినయెడల చెల్లించు బీమా అక్కడ తప్పనిసరి కాదు గనుక దానినిగూర్చి అడుగవలెను. అమెరికాలోనైతే రెండవ కాగితమును నేను మానుమని చెప్పను. రెంటికి డబ్బు చాలనియెడల ఏది కొనవలెనని ఆ పెద్ద మరల అడిగెను. రెండవదే. లోయ చూచు దినము ఒకటి తగ్గించుకొనుడి, చిన్న కారు తీసికొనుడి.

ఇక్కడ మన ఊరి సంగతి ఒకటి చెప్పక తప్పదు. మనదేశములో 1988 మోటారు వాహనముల చట్టము ప్రకారము మోటారు సైకిలుకైనను ఎదుటివానికొరకైన బీమా తప్పనిసరి. దాని గడువు ఎప్పుడో దాటిపోయి, పోలీసువారు ఆపినప్పుడు మాత్రమే జ్ఞాపకము తెచ్చుకొనువారు మన బెంచీలమీద కూర్చుండువారిలో లేరందురా? అమెరికా కౌంటరు ప్రశ్న వారికిని చెందును.

ఒప్పందపు కాగితములోనే మరియొక సంగతి యున్నది. దానిలో పేరు వ్రాయించుకొనినవారే కారు నడుపవలెను. ఇతరుడు నడుపుచుండగా ప్రమాదము జరిగినయెడల కొనిన వైవర్ సాధారణముగా రద్దగును; అదనపు లయబిలిటీయు పోవచ్చును. త్రాగి నడిపినను అంతే. రాత్రి పదకొండు గంటలకు కుమారుడు అలసినప్పుడు, “నేను కాసేపు పట్టుకొందును బావా” అని పేరు లేని బావమరిది చక్రము పట్టుకొనుట మనవారిలో ప్రేమగా చెల్లుచున్నది. వారు ఎరుగకయే ఆ గంటలో రెండు కాగితములను చించివేసి ప్రయాణము చేయుచున్నారు. రెండవ డ్రైవరు పేరు చేర్చుటకు దినమునకింతయని రుసుము అడుగుదురు. భార్యాభర్తలకు కొన్ని కంపెనీలు రుసుము లేకుండనే ఒప్పుకొనును. లైసెన్సు చూపి, సంతకముచేసి, ఆ పేరు వ్రాయించుటకు కౌంటరువద్ద పట్టునది అయిదు నిమిషములు.